మాయ పడిన చోటే జబ్బంతా

(ఆవులు నెలలు నిండకుండానే ఈసుకుపోయే బ్రూసెల్లోసిస్ జబ్బు గురించి చిన్న పాడి రైతుల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఖాళీలున్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. అమ్మా, మీరు కూడా రండి, ఆడవాళ్లు వెనకాలే ఉండిపోకండి. ఇవాళ నేను చెప్పబోయేది ఎక్కువగా మీకే కావాలి. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ముందు ఒక మాట అడుగుతాను. మీ కొట్టంలో ఏడో నెల చూడి ఆవు ఒకటి రాత్రికి రాత్రి ఈసుకుపోయింది అనుకోండి. తెల్లారి మీరు వెళ్లేసరికి చచ్చిన దూడ కింద పడి ఉంది. మాయ సగం లోపల, సగం బయట వేలాడుతోంది. అప్పుడు మీరు మొట్టమొదట ఏం చేస్తారు? పైకి చెప్పక్కర్లేదు, మనసులో అనుకోండి చాలు.

చాలామంది ఏం చేస్తారో నాకు తెలుసు. 30 ఏళ్లుగా కొట్టాల్లోనే తిరుగుతున్నాను. ముందు అయ్యో అనుకుంటాం. దూడని కాలు పట్టుకుని ఈడ్చుకెళ్లి దూరంగా పడేస్తాం. మాయ వేలాడుతుంటే చూడలేక చేత్తో పట్టి లాగుతాం. కింద పడిన తడిని చీపురుతో కాలవలోకి ఊడ్చేస్తాం. చేతులు నీళ్లతో కడుక్కుని, పాల టైమ్ అయిపోతోందని పక్క ఆవు దగ్గర కూర్చుంటాం. అంతా కలిపి పావుగంట. ఇందులో మీ తప్పుందని నేను అనను. కొట్టం శుభ్రంగా ఉండాలనే కదా ఇదంతా చేశారు. కానీ ఆ పావుగంటలో చేసిన ప్రతి పనీ జబ్బుకి ఒక్కో దారి తెరిచింది. దూడని ఈడ్చిన నేల, మాయ లాగిన చెయ్యి, తడి పోయిన కాలవ, పిండటానికి కూర్చున్న పక్క ఆవు. నేను ఇవాళ మాట్లాడేది ఈ పావుగంట గురించే.

ఈ జబ్బు పేరు బ్రూసెల్లోసిస్. ఈసుడు రోగం అంటారు, ఈసుకుపోయే జబ్బు అంటారు. ఆవుల్లో, గేదెల్లో దీన్ని తెచ్చేది బ్రూసెల్లా అబార్టస్ అనే బాక్టీరియా. దీనికి మేకల్లో, గొర్రెల్లో ఒక తోబుట్టువుంది, బ్రూసెల్లా మెలిటెన్సిస్. మనిషికి సోకితే ఆ మేకల రకం ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. మేకల్నీ ఆవుల్నీ ఒకే పాకలో కట్టేసేవాళ్లు ఇది గమనించుకోవాలి, మేకల రకం ఆవులకి కూడా ఎక్కగలదు. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ఈ క్రిమి ఎక్కడ ఉంటుందో గుర్తుపెట్టుకోండి, అది చాలు.

ఆవు ఒంట్లోకి ఇది ఎక్కువగా నోటి ద్వారానే పోతుంది. ఈసుకుపోయిన తడిని నాకడం వల్ల, ఆ తడి అంటిన మేత తినడం వల్ల, ఆ నీళ్లు తాగడం వల్ల. లోపలికి పోయాక ఒంట్లో ఉండే గ్రంథుల్లో, పొదుగులో నక్కి కూర్చుంటుంది. చూడి లేనప్పుడు బయటికి ఏమీ తెలియదు. జ్వరం ఉండదు. మేత మానదు. పాలు కూడా ఇస్తూనే ఉంటుంది. ఆవు చూడి కట్టి నెలలు నిండేకొద్దీ గర్భసంచిలో ఎరిత్రిటాల్ అనే ఒక తీపి పదార్థం పెరుగుతుంది. ఈ క్రిమికి అదంటే ప్రాణం. అక్కడికి చేరుతుంది, దాన్ని తిని కోట్లకు కోట్లుగా పెరుగుతుంది. మాయ దెబ్బతింటుంది. తల్లి నుంచి బిడ్డకి అందాల్సింది అందదు. అందుకే ఈ జబ్బులో మూడో నెలలోనో నాలుగో నెలలోనో ఈసుకుపోవడం తక్కువ. ఐదో నెల దాటాకే ఎక్కువ చూస్తాం. అప్పటిదాకా మీరు మేపారు, ఆశపడ్డారు, ఈనే రోజు లెక్కపెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు పోతుంది.

ఆ మాయని ఎవరైనా దగ్గరగా చూశారా? ఆరోగ్యంగా ఉన్న మాయ పల్చగా, తడితడిగా మెరుస్తూ ఉంటుంది. దాని మీద ముదురు ఎరుపు ముద్దలు చొక్కా గుండీల్లా వరసగా కనపడతాయి. జబ్బు పట్టిన మాయ అలా ఉండదు. గుండీకీ గుండీకీ మధ్య పొర తోలులాగా మందమెక్కి ఉంటుంది. గుండీలు పసుపూ మట్టిరంగూ కలిసినట్టు చచ్చుబడి ఉంటాయి, వాటి మీద చీములాంటి జిగట అంటుకుని ఉంటుంది. ప్రతిసారీ ఇంత స్పష్టంగా కనపడుతుందని చెప్పను. కనపడితే మాత్రం దాన్ని ముట్టుకోకండి. ఆ మాయలోంచి ఒక్క చెంచాడు తీస్తే అందులో కోట్ల క్రిములుంటాయి. మనిషికి ఈ జబ్బు రావడానికి 10 నుంచి 100 క్రిములు ఊపిరితో లోపలికి పోతే చాలు. కోట్లు ఎక్కడ, వంద ఎక్కడ? ఆ మాయ దగ్గర ముఖం పెట్టి లాగితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

పక్కన కట్టేసిన ఆవు సంగతి చూద్దాం. అది ఏం చేస్తుంది? మెడ చాచి వాసన చూస్తుంది. తాడు అందితే నాకుతుంది. ఈనిన చోట తడి కనపడితే నాకకుండా ఉండటం పశువు వల్ల కాదు, దాని స్వభావం అది. పెద్ద డెయిరీల్లో ఈనేవాటికి వేరే గది ఉంటుంది. మనకి ఉన్నది ఒక్క పాక, నాలుగు గుంజలు, ఒక్క నీళ్ల తొట్టి. ఒకటి ఈసుకుపోతే మిగతా మూడూ దాని తలాపునే ఉంటాయి. చిన్న రైతుకి ఈ జబ్బు అంత ప్రమాదం అవడానికి ఇదే కారణం. నాలుగింట్లో ఒకటి పోతే నూటికి ఇరవై అయిదు పోయినట్టు. ఒక దూడ పోయింది, ఆ ఈత పాలు బాగా తగ్గిపోయాయి, మాయ లోపల కుళ్లి గర్భసంచి పాడైతే మళ్లీ ఎదకి రావడానికి నెలలు పడుతుంది. కొన్ని మళ్లీ కట్టనే కట్టవు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. రైతులు అందరికంటే ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఒకసారి ఈసుకుపోయిన ఆవు రెండోసారి చాలావరకు ఈసుకుపోదు. అవును, ఈసుకుపోదు. నెలలు నిండుతాయి, బతికిన దూడ పుడుతుంది, పాలు కూడా ఫర్వాలేదనిపిస్తాయి. రైతు ఏమంటాడు? పోయినసారి ఏదో దిష్టి తగిలింది డాక్టరుగారూ, ఈసారి బాగైపోయింది అంటాడు. బాగవలేదు. నేను మళ్లీ చెప్తున్నాను, బాగవలేదు. క్రిమి లోపలే ఉంది. ఆ ఆవు మామూలుగా ఈనిన ప్రతిసారీ మాయతో, ఉమ్మనీటితో, ఆ తర్వాత రెండు మూడు వారాలు కారే మైలతో క్రిములు బయటికి వస్తూనే ఉంటాయి. పాలల్లో కూడా కొన్నాళ్లు వస్తాయి, కొన్నాళ్లు ఆగుతాయి, మళ్లీ వస్తాయి. ఈసుకుపోయిన ఆవు దగ్గర మనం కాస్త జాగ్రత్తగానే ఉంటాం. చక్కగా ఈనిన ఆవు దగ్గర ఎవరు జాగ్రత్తపడతారు? సంతోషంగా వెళ్లి దూడని ఒళ్లోకి తీసుకుంటాం.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఇంటి నుంచి కబురొచ్చింది. మూడు ఆవులున్న ఇల్లు. ఒకటి ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది, మాయ పడలేదు, మూడో రోజు. వెళ్లాను. నా సంచిలో పొడుగు గ్లౌజులు అయిపోయాయి. వేసుకోవాలని తెలుసు. చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. కానీ ఆవు బాధపడుతోంది, ఇంటివాళ్లు నా ముఖం చూస్తున్నారు. ఉత్త చెయ్యి భుజం దాకా పెట్టి మాయ తీశాను. ముందురోజు ముళ్లతీగ గీసుకుని మోచేతి దగ్గర చిన్న గాయం ఉంది. అయ్యాక చేతులు కడుక్కుని, ఆ ఇంటి అమ్మతో, ఇదంతా శుభ్రం చేసేయండమ్మా అని చెప్పి వచ్చేశాను.

మూడు వారాలకి నాకు జ్వరం మొదలైంది. సాయంత్రమైతే వచ్చేది. రాత్రి చెమటలు పట్టి పక్కబట్టలు తడిసిపోయేవి. తెల్లారేసరికి ఏమీ లేనట్టు ఉండేది. ఇంటి పని, ఆఫీసు పని చేసేసుకునేవాణ్ని, మళ్లీ సాయంత్రం జ్వరం. మలేరియా అన్నారు. టైఫాయిడ్ అన్నారు. మందులు వాడితే తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది. నడుం నొప్పి పట్టుకుని స్కూటర్ మీద కూర్చోలేకపోయేవాణ్ని. రెండు నెలలు గడిచాక కానీ నా బుర్రకి తట్టలేదు. నేనే వెళ్లి, నేను పశువుల డాక్టర్నండీ, బ్రూసెల్లా చూడండి అని అడిగితే రక్తపరీక్షలో తేలింది. రెండు రకాల మందులు కలిపి ఆరు వారాలు వాడాను.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఇల్లు. పరిగెత్తుకుంటూ వెళ్లాను. ఆ అమ్మకి కూడా కీళ్ల నొప్పులు, నీరసం, రాత్రి చెమటలు. వయసు మీద పడుతోందిలే అనుకున్నారు. ఒకళ్లు కూడా పరీక్ష చేయించలేదు. చేయిస్తే అదే తేలింది. నాకు వచ్చిన జ్వరం గురించి నేనెప్పుడూ పెద్దగా బాధపడలేదు. శుభ్రం చేసేయండమ్మా అన్న మాట మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఏం పడి ఉందో నాకు తెలుసు, ఆవిడకి తెలీదు. ఎలా చెయ్యాలో చెప్పకుండా వచ్చేశాను. ఇవాళ ఇక్కడికి పిలిస్తే ఒక్కమాటలో ఒప్పుకోవడానికి కారణం అదే. అమ్మా, అందుకే మిమ్మల్ని ముందుకి రమ్మన్నాను. కొట్టం ఊడ్చేది మీరు, తడి ఎత్తేది మీరు, దూడని తుడిచేది మీరు. ఈ జబ్బు ముందు మీ చేతుల మీదికే వస్తుంది.

ఈ జబ్బు పాత కథ కొంచెం చెప్తాను, ఎందుకంటే అందులో మనకి పనికొచ్చే సంగతి ఉంది. మధ్యధరా సముద్రంలో మాల్టా అని ఒక చిన్న ద్వీపం ఉంది. అక్కడ బ్రిటిష్ సైనికులకి ఒక జ్వరం వచ్చేది, వారాల తరబడి తగ్గుతూ పెరుగుతూ ఉండేది. మాల్టా జ్వరం అనేవాళ్లు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు చనిపోయినవాళ్ల ప్లీహంలో ఈ క్రిమిని పట్టుకున్నాడు. ఆయన పేరు మీదే తర్వాత బ్రూసెల్లా అన్నారు. క్రిమి దొరికింది సరే, ఎక్కడి నుంచి వస్తోంది? 18 ఏళ్లు ఎవరికీ తెలియలేదు. గాలి అనుకున్నారు, నీళ్లు అనుకున్నారు, దోమలు అనుకున్నారు. 1905లో థెమిస్టోక్లిస్ జామిట్ అనే మాల్టా డాక్టరు మేకల రక్తం పరీక్షిస్తే అక్కడ దొరికింది. మేకల్ని ఎవరూ ఎందుకు అనుమానించలేదో తెలుసా? అవి ఆరోగ్యంగా ఉన్నాయి. బాగా తింటున్నాయి, బాగా పాలిస్తున్నాయి. వాటి పాలే ఇంటింటికీ పిండి పోసేవాళ్లు.

అదే ఏడాది ఆ మేకల్లో కొన్నిటిని ఓడ ఎక్కించి అమెరికా పంపారు. దారిలో ఓడలో పనిచేసేవాళ్లు ఆ పచ్చిపాలు తాగారు. జ్వరాలు పడ్డారు. ఇంకో పక్క మాల్టాలో 1906లో సైనికులకి మేకపాలు ఆపేశారు. వాళ్లలో కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. మామూలు జనం పచ్చిపాలు తాగుతూనే ఉన్నారు, వాళ్లలో జ్వరం ఏళ్ల తరబడి పోలేదు. ఒకే ఊరు, ఒకే గాలి, ఒకే నీళ్లు. తేడా పాలల్లోనే ఉంది.

ఆవుల సంగతి వేరే దేశంలో తేలింది. డెన్మార్క్‌లో బెర్న్‌హార్డ్ బాంగ్ అనే పశువైద్యుడు 1897లోనే ఆవులు ఈసుకుపోవడానికి ఒక క్రిమి కారణమని పట్టుకున్నాడు. కానీ అది ఆవుల జబ్బు, ఇది మనుషుల జ్వరం, రెండిటికీ సంబంధం లేదనుకున్నారు. ఆ రెండూ దగ్గరి చుట్టాలేనని, పచ్చి ఆవుపాలు కూడా ప్రమాదమేనని 1918లో చెప్పింది అమెరికాలో ఆలిస్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త. చాలామంది పెద్దవాళ్లు నమ్మలేదు. ఆడమనిషి, పీహెచ్‌డీ కూడా లేదు, ఈవిడ చెప్పేదేమిటి అన్నారు. 1922లో ఆ పరిశోధన చేస్తూనే ఆవిడకి జబ్బు సోకింది, ఏళ్ల తరబడి పీడించింది. ఆవిడ చెప్పిందే నిజమని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. ఆవిడ పేరు మన పాడి రైతులకి తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఆ పావుగంటలో ఏం చెయ్యాలి

సరే, మళ్లీ మన కొట్టంలోకి వద్దాం. దూడ పడి ఉంది. మొదటి పని ఏమిటి? మిగతా పశువుల్ని విప్పి దూరంగా కట్టెయ్యండి. దూడ దగ్గరికి తర్వాత వెళ్దాం, అదెలాగూ పోయింది. బతికున్నవాటిని ముందు జరపండి. కుక్కని కూడా కట్టెయ్యండి. కుక్క మాయని నోట కరుచుకుని పోతే మీ కొట్టంలో జబ్బు నాలుగు కొట్టాలకి చేరుతుంది.

తర్వాత మీ ఒళ్లు చూసుకోండి. భుజం దాకా వచ్చే గ్లౌజు ఉంటే మంచిది, దాని మీద ఇంకో మామూలు గ్లౌజు. లేకపోతే? ఏదీ లేకపోతే చిరుగులు లేని మందపాటి ప్లాస్టిక్ కవర్లు చేతులకి తొడిగి మణికట్టు దగ్గర, పైన కట్టుకోండి. ఉత్త చేతికంటే ఎన్నో రెట్లు నయం. ముక్కుకీ నోటికీ మాస్కు. కళ్లజోడు ఉంటే పెట్టుకోండి, చిందిన చుక్క కంట్లో పడినా సోకుతుంది. కాళ్లకి బూట్లు. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు ఆ ఛాయలకే రాకూడదు. ఇందులో మొహమాటం వద్దు.

వేలాడే మాయని లాగొద్దు. బలంగా లాగితే తెగి సగం లోపలే ఉండిపోతుంది, గర్భసంచికి దెబ్బ తగులుతుంది. డాక్టర్ని పిలవండి. దూడనీ, పడిన మాయనీ నేల మీద ఈడ్వకండి. పెద్ద ప్లాస్టిక్ సంచిలోకి ఎత్తి మూతి కట్టండి. అయితే ఒక్క నిమిషం, పూడ్చే ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఈసుకుపోవడానికి ఈ జబ్బు ఒక్కటే కారణం కాదు. లెప్టోస్పైరా అనే ఇంకో బాక్టీరియా ఉంది, ఐబీఆర్ అనే వైరస్ జబ్బు ఉంది, బూజుపట్టిన మేత ఉంది, గట్టిగా పొడుచుకున్నా ఈసుకుపోవచ్చు. ఏదో తేల్చాలంటే శాంపిల్ కావాలి. అది తీసుకున్నాక ఆరడుగుల గుంత తవ్వి, బావికీ చెరువుకీ దూరంగా, సున్నం చల్లి పూడ్చెయ్యండి. పైన రాళ్లు పెట్టండి, కుక్కలు తవ్వకుండా.

తడిని ఊడ్చి కాలవలోకి తొయ్యకండి. పడిన గడ్డీ చెత్తా కాల్చెయ్యండి. నేలని ముందు సబ్బునీళ్లతో రుద్ది జిగట పోగొట్టండి, ఆ తర్వాత బ్లీచింగ్ కానీ ఫినైల్ కానీ పొయ్యండి. ఈ వరస ముఖ్యం. పేడా జిగటా ఉన్నచోట బ్లీచింగ్ పోస్తే దాని శక్తంతా పేడ మీదే అయిపోతుంది, క్రిమి అలాగే ఉంటుంది. సున్నపు నీళ్లు కూడా బాగా పనిచేస్తాయి. ఈ క్రిమి ఎండకి గంటల్లో చస్తుంది. నీడలో, తడిలో, చల్లటి చోట నెలల తరబడి బతుకుతుంది. మీ పాకలో ఎండ తగలని మూల ఏది? ఆ మూలలో ఆవుని ఈననివ్వకండి.

ఈసుకుపోయిన ఆవుని కనీసం మైల ఆగేదాకా విడిగా ఉంచండి. దాని పని ఆఖర్న చెయ్యండి. పాలు ఆఖర్న పిండండి, మేత ఆఖర్న వెయ్యండి. మంచివాటి దగ్గర నుంచి జబ్బుదాని దగ్గరికి వెళ్లాలి, అటునుంచి ఇటు రాకూడదు. దీనికి ఖర్చేమీ లేదు, వరస మార్చుకోవడమే. ఇదే జాగ్రత్త మామూలుగా ఈనే ప్రతి ఆవు దగ్గరా పాటించండి. జబ్బు ఉందో లేదో మీకు ముఖం చూసి తెలియదు కదా?

మరి తెలిసేది ఎలా? పరీక్షతోనే. రోజ్ బెంగాల్ అని ఒక పరీక్ష ఉంది. ఒక చుక్క సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే నీరు, ఒక చుక్క గులాబి రంగు మందు, పలక మీద కలిపి నాలుగు నిమిషాలు ఆడిస్తారు. చిన్న చిన్న పలుకులు కడితే అనుమానం. ఎలీసా అనే ఇంకో పరీక్షతో గట్టిగా తేలుస్తారు. పాలతో కూడా ఒక పరీక్ష ఉంది. రంగు మందు కలిపిన పాలని సన్నటి గొట్టంలో పెడితే, జబ్బు ఉన్నచోట పైన మీగడ దగ్గర నీలం గీత ఉంగరంలా కడుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, చూసిన రైతు గుండె జారిపోతుంది. ఆ పరీక్ష ముర్రుపాలతో, పొదుగువాపు ఉన్న పాలతో చేస్తే తప్పు చూపిస్తుంది, అది గుర్తుంచుకోండి. ఇంకో సంగతి. ఈసుకుపోయిన రోజున తీసిన రక్తంలో ఏమీ కనపడకపోవచ్చు. లేదని తేలింది కదా అని వదిలెయ్యకుండా మూడు వారాలాగి మళ్లీ తీయించండి.

ఉన్నట్టు తేలితే మందేమిటి అని అడుగుతారు. ఆవుకి నమ్మదగిన మందు లేదు. క్రిమి కణాల లోపల దాక్కుంటుంది, యాంటీబయాటిక్ ఇచ్చినా పూర్తిగా పోదు. ఎవరైనా ఒక సూదితో తగ్గిస్తానంటే నమ్మకండి, డబ్బులు పోగొట్టుకోకండి. ముందుగా ఆపేది టీకా ఒక్కటే. పెయ్య దూడలకి నాలుగు నెలల నుంచి ఎనిమిది నెలల వయసులో, జీవితంలో ఒక్కసారి. ఎస్ 19 అంటారు. 1923లో జాన్ బక్ అనే ఆయన ప్రయోగశాలలో ఒక క్రిమి సీసాని ఏడాదికి పైగా అలా బల్ల మీద వదిలేస్తే, అది బలం తగ్గి జబ్బు తేలేనిదై, రక్షణ మాత్రం ఇచ్చింది. అదే ఈ టీకా. కోడెదూడలకి వెయ్యకూడదు, వృషణాలు పాడవుతాయి. చూడి పశువులకి వెయ్యకూడదు, ఈసుకుపోవచ్చు. బతికున్న క్రిమితో చేసిన టీకా కాబట్టి వేసేటప్పుడు సూది మనకి గుచ్చుకుంటే మనకే జబ్బు రావచ్చు. అందుకని డాక్టర్లమే వేస్తాం, దూడని గట్టిగా పట్టుకోవడం మీ వంతు. టీకా వేసిన దూడకి నూటికి నూరుపాళ్లు రాదని చెప్పలేను. ఈసుకుపోవడం మాత్రం బాగా తగ్గుతుంది, ఈసుకుపోవడం తగ్గితే కొట్టంలో పడే క్రిములూ తగ్గుతాయి.

పాల గురించి క్లుప్తంగా చెప్తాను. కాచండి. పొంగు వచ్చేదాకా కాస్తే ఈ క్రిమి బతకదు. పచ్చిపాలు తాగొద్దు, ముర్రుపాలైనా పచ్చివి నోట్లో వేసుకోవద్దు, పాలు పిండుతూ పిల్లాడి నోట్లోకి ధార కొట్టొద్దు. పెరుగైతే కాచిన పాలతో తోడుపెట్టిందే తినండి, పులిసినంత మాత్రాన క్రిమి చస్తుందని నమ్మలేం.

జ్వరం సాయంత్రాలు వచ్చి వారాల తరబడి తగ్గకపోతే, నడుం నొప్పి, కీళ్ల నొప్పులు, రాత్రి చెమటలు ఉంటే, మగవాళ్లకి వృషణాల వాపు ఉంటే డాక్టరు దగ్గర మొదటి మాటే, మాకు పశువులున్నాయి, ఈమధ్య ఒకటి ఈసుకుపోయింది అని చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకి తట్టదు. మందులు ఆరు వారాలు రాస్తే ఆరు వారాలూ వాడండి. రెండు వారాలకే హాయిగా అనిపించి ఆపేస్తే తిరగబెడుతుంది, వెన్నెముకలోకి, గుండె కవాటాల్లోకి కూడా పోవచ్చు.

ఇక చెప్పడానికి కష్టంగా ఉన్న విషయం. జబ్బు తేలిన ఆవుని ఏం చేస్తారు? మనసులో ఏముందో నాకు తెలుసు. సంతకి తోలేద్దాం అనుకుంటారు. రెండో ఈత చక్కగా ఈనుతుందని ఇందాక చెప్పాను కదా, అప్పుడు దూడతో సహా మంచి ధర వస్తుంది. కొనేవాడు ఎవరు? మీలాంటి ఇంకో నాలుగు ఆవుల రైతే. చాలా కొట్టాల్లోకి ఈ జబ్బు ఇలా కొన్న ఆవుతోనే వచ్చింది. మిమ్మల్ని నిందించడానికి అనడం లేదు. ఆస్ట్రేలియా 1970లో ఈ జబ్బుని తుడిచెయ్యడానికి పెద్ద ఎత్తున దిగి 1989కి ఆవుల్లో లేకుండా చేసుకుంది. అక్కడ జబ్బు ఉన్న ఆవుని తీసేస్తే రైతుకి పరిహారం ఇచ్చారు. పరిహారం లేకుండా పరీక్ష చేయించుకోమంటే ఏ రైతు ముందుకొస్తాడు? పరిహారం కోసం అందరూ కలిసి అడగాలి, నేనూ అడుగుతాను. అప్పటిదాకా మీ చేతిలో ఉన్నది ఇంత: ఆ ఆవుని మళ్లీ కట్టించకుండా, విడిగా ఉంచి, పాలు కాచి వాడుకోండి. ఇంకొకరి కొట్టంలోకి చూడి ఆవుగా పంపకండి.

మీరు కొనేటప్పుడు ఏం చూడాలి? పొదుగు చూస్తారు, పళ్లు చూస్తారు, సుడులు చూస్తారు. రక్తపరీక్ష కాగితం అడగండి. తెచ్చాక నెల రోజులు విడిగా కట్టండి, మళ్లీ పరీక్ష చేయించండి. చూడి ఆవుని కొంటే ఈనిన తర్వాత మూడు నాలుగు వారాలకి ఇంకోసారి. కొన్నిటిలో ఈనాక కానీ బయటపడదు. దాటించడానికి నలుగురి ఆవులకీ ఒకే ఆబోతు తిరుగుతుంటే దానికి కూడా పరీక్ష చేయించండి. ఆబోతు లేకుండా కట్టించే ఎద సూది వేయిస్తే పరీక్ష చేసిన ఆబోతు వీర్యమేనా అని అడగండి, అడగడంలో తప్పులేదు.

చివర్లో అడిగిన రెండు ప్రశ్నలు

ఒక అన్న అడుగుతున్నారు, జబ్బు ఉన్న ఆవు పేడ ఎరువుగా వేసుకోవచ్చా అని. వేసుకోవచ్చు, కానీ పచ్చిది వద్దు. కుప్ప వేసి, కప్పి, బాగా వేడెక్కి మాగనివ్వండి, కొన్ని నెలలాగి పొలానికి తోలండి. ఈనిన చోట పేడ, గడ్డి మాత్రం ఆ కుప్పలో కలపకండి, కాల్చెయ్యండి.

వెనక నుంచి అమ్మ అడిగింది మంచి ప్రశ్న. జబ్బు ఉన్న ఆవుకి బతికిన పెయ్య పుట్టింది, ముద్దుగా ఉంది, దాన్ని ఉంచుకోవచ్చా? ఉంచుకోవచ్చమ్మా. పుట్టగానే తల్లి దగ్గర నుంచి తీసి విడిగా పెంచండి. పాలు కాచి చల్లార్చి పట్టండి, ముర్రుపాలు మాత్రం కాస్తే విరిగిపోతాయి కాబట్టి పరీక్షలో లేదని తేలిన ఆవువి పట్టండి. చాలా పెయ్యల్లో జబ్బు ఉండదు. కొన్నిటిలో మాత్రం లోపల నిద్రపోతున్నట్టు ఉంటుంది. పరీక్షలో కూడా చూపించదు, మొదటి ఈత దగ్గర బయటపడుతుంది. అందుకని టీకా వయసొచ్చాక వేయించి పెంచుకోండి, అమ్మకండి. అది తొలిచూలు ఈనే రోజున పాకలో మిగతావాటితో కట్టకుండా ఎండ తగిలే చోట వేరే కట్టండి. చేతులకి గ్లౌజులు వేసుకోండి. మూడు వారాలాగి రక్తం తీయడానికి నాకు కబురు పెట్టండి, నేనే వస్తాను.